రజనికి సారె

కోడలు ఈసారి కూడా పాకం పాడుచేస్తుందని నూకమ్మకి గట్టి నమ్మకం. ఇరవయ్యేడేళ్ళుగా చూస్తోంది కదా. అయితే లేతగా ఉండగానే దింపేస్తుంది, కాకపోతే ముదిరి రాయయ్యాక దింపుతుంది, ఆ రెంటికీ మధ్య ఒక్క క్షణం ఉంటుందే, అది మాత్రం అరుణకుమారి కంటికి ఆనదు. వంటింటి గడప ఇవతల పీట వేసుకుని కూర్చున్న నూకమ్మ పొయ్యి మీంచి చూపు తిప్పడం లేదు. ఇత్తడి గిన్నెలో బెల్లం ఇప్పుడిప్పుడే కరుగుతోంది. పక్కన పళ్ళెంలో తడిపిండి, మీద తెల్లగుడ్డ. తడిబియ్యం ఆడితే మర పాడైపోతుందని పిండిమర వాడు పొమ్మంటే, కోడలు పొద్దున్నే లేచి ఒక్కతీ రోట్లో దంచుకుంది. ఇంకో గంటలో కొడుకు బలరాం సుపేలా బజారు నుంచి ఆటో తెస్తాడు. రెండున్నరకి పవర్‌హౌస్ స్టేషన్లో బిలాస్‌పూర్ లోకల్. ఆ బండికి మనవరాలు రజని వెళ్ళిపోతుంది, మీనాక్షి అనే పిల్లతో కలిసి బతకడానికి, పెళ్ళీ మొగుడూ అనే మాట ఇక లేకుండా, ఆ పిల్లే తన మనిషనుకుని. అత్తారింటికి వెళ్ళే కూతురికి పెట్టినట్టే అరుణకుమారి దానికి సారె పెడుతోంది. చలిమిడి, లడ్లు, బిందె, రెండు కొత్త చీరలు, పసుపు కుంకుమలు. నూకమ్మ రజనితో మాట్లాడి నలభై రోజులు కావొస్తోంది. ఈ గంటలో కూడా నోరు పెగలకపోతే ఆ పిల్ల మళ్ళీ ఈ గుమ్మం తొక్కుతుందో లేదో, తొక్కేనాటికి తను ఉంటుందో లేదో.

ముందుగదిలో పరుపుచుట్టకి తాడు బిగిస్తున్నారు ఇద్దరూ. బిగించడం, అది జారిపోవడం, నవ్వడం. రజని నవ్వు ఈ ఇంట్లో నూకమ్మకి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు, అది పాలు తాగేటప్పుడే ముక్కుతో నవ్వేది, ఇప్పటికీ ముక్కుతోనే నవ్వుతుంది, బియ్యెడ్డు చదివి బిలాస్‌పూర్ బళ్ళో పిల్లలకి లెక్కలు చెప్పబోతున్న పాతికేళ్ళ ఆడది. మీనాక్షి నవ్వదు, నవ్వినా వినపడదు. రాయగడ పిల్ల, తల్లీ తండ్రీ చిన్నప్పుడే పోతే మేనమామ ఇంట్లో పెరిగి నర్సు చదువు చదువుకుంది, ఇప్పుడు బిలాస్‌పూర్ ఆసుపత్రిలో పని, రాయ్‌పూర్ హాస్టల్లో రజనికీ ఆ పిల్లకీ ఒకటే గది. పొద్దున్న రైలు దిగి వస్తూనే నూకమ్మ కాళ్ళకి దణ్ణం పెట్టబోయింది. నూకమ్మ కాళ్ళు వెనక్కి లాక్కుంది. కావాలని లాక్కోలేదు, కాళ్ళు వాటంతటవే వెళ్ళిపోయాయి, అయినా ఆ పిల్ల చెయ్యి చాప మీద అలాగే ఉండిపోయింది కాసేపు, తర్వాత ఆ చేతితోనే చాప అంచు సర్ది లేచి వెళ్ళిపోయింది. ఎంత మర్యాదగా సర్దిందీ! ఏదో పడిపోతే తీసినట్టు. ఆ మర్యాద చూసి నూకమ్మకి ఒళ్ళు మండింది. ఎవరి మీదో తెలియని మంట.

నలభై రోజుల కింద, ఆదివారం పూట, వెనక వసారాలో బలరాం సైకిల్ చైనుకి నూనె పెడుతున్నాడు. ఉక్కు ప్లాంటు కోక్ ఓవెన్లో, బొగ్గు కాల్చే చోట, పాతికేళ్ళ నుంచీ పని చేస్తున్నాడేమో వాడి చేతిగీతల్లో నలుపు ఎప్పుడూ ఉంటుంది, ఆ రోజు నూనె కూడా కలిసి మోచేతుల దాకా నల్లగా ఉన్నాడు. నూకమ్మ చేటలో బియ్యం ఏరుతోంది. గాజువాక సంబంధం వాళ్ళకి ఏమని రాయమంటావే అని తండ్రి అడిగాడు. కష్టమైన మాట ఏదైనా రజనికి ముందు హిందీలోనే వస్తుంది, ఇక్కడ పుట్టి పెరిగిన పిల్లలంతా అంతే. "పాపా, ముఝే శాదీ నహీఁ కర్నీ," అంది. పెళ్ళి వద్దని. తర్వాత తెలుగులోకి వచ్చింది. "మీనాక్షితోనే ఉంటాను నాన్నా. ఫ్రెండ్ అని కాదు. నీకు అమ్మ ఎలాగో నాకు మీనాక్షి అలాగ." బలరాం చెయ్యి చైను మీద ఆగింది. కొడుక్కి అర్థం కావడానికి ఇంకా కొంతసేపు పట్టింది గానీ నూకమ్మకి అర్థం కావడానికి ఎంతోసేపు పట్టలేదు. ఆవిడకి ఇది కొత్త కాదు. ఇదే మాట ఇంకో నోటి నుంచి, ఇంత స్పష్టంగా కాకుండా, తడబడుతూ ఏడుస్తూ వచ్చిన మాట, ఒకసారి విన్న చెవులే ఇవి.

ఇప్పుడు తిడతాడు అనుకుంది. ఇప్పుడు లేస్తాడు, సైకిల్ తన్నేస్తాడు, బెల్టు తీస్తాడు. వాళ్ళ నాన్న కొడుకే కదా. బలరాం లేవలేదు. నూనె డబ్బా మూత పెట్టాడు. "ఊఁ," అన్నాడు. మర్నాడు డ్యూటీకి వెళ్ళాడు, వచ్చాడు, తిన్నాడు, పడుకున్నాడు, మాటలేదు. రెండో రోజూ అంతే. మూడో రోజు రజని తిండి మానేసింది. నాలుగో రోజు పొద్దున్న డ్యూటీకి టిఫిన్ డబ్బా తీసుకుంటూ, గుమ్మంలో నిలబడి, కూతురి ముఖం చూడకుండా అడిగాడు. "ఆ పిల్లకి వొంట వొచ్చేటే? నీకు ఎలాగూ రాదు గదా. ఇద్దరూ ఏటి తింటారు?" అంతే అన్నాడు. రజని గోడకి చేరబడి కింద కూర్చుండిపోయి ముక్కుతో నవ్వుతూ ఏడుస్తూ ఉంటే, వాడు చెప్పుల్లో కాళ్ళు దూర్చుకుని సైకిలెక్కి వెళ్ళిపోయాడు. నూకమ్మ ఆ రోజంతా ఆ ప్రశ్న పట్టుకునే కూర్చుంది. వీడు ఎక్కడ నేర్చుకున్నాడు ఇది? ఐటీఐ దాటి చదవలేదు. పేపరు తిరగేసినా సినిమా బొమ్మల పేజీయే చూస్తాడు. పెద్దపెద్ద ఆఫీసర్ల ఇళ్ళల్లో ఇలాంటివి తెలిస్తే పిల్లల్ని గదుల్లో పెట్టి తాళాలేస్తున్నారట, మందులు మింగిస్తున్నారట. బొగ్గుపొగలో బతికిన నా కొడుకు, ఆ పిల్లకి వంటొచ్చా అని అడిగాడు. బంగారం లాంటి కొడుకు అనుకుంది, అనుకుని, ఎవరైనా విన్నారేమో అన్నట్టు చుట్టూ చూసింది.

బెల్లం పొంగింది. కోడలు గరిటెతో తిప్పుతోంది, నుదుటి మీద చెమట మోచేత్తో తుడుచుకుంటోంది. ఇది తక్కువదా? మొదటి పది రోజులూ ఇంట్లో సరిగ్గా వండితే ఒట్టు. పిల్లని చెంపలు వాయించింది, తర్వాత తన చెంపలు తనే వాయించుకుంది, ఏ జన్మలో ఏం పాపం చేశానో అంది, అయినవాళ్ళ ముందు తలెలా ఎత్తాలంది. నూకమ్మ లోపల్లోపల తృప్తిపడింది కూడా, అబద్ధమెందుకు, ఇదిగో ఇది నా మాదిరే, ఇది తలుపు మూస్తుంది అని. ఒకనాడు పొద్దున్న ఎవరితోనూ చెప్పకుండా చీర మార్చుకుని వెళ్ళిపోయింది. సాయంత్రం ఏడింటికి తిరిగొచ్చింది, జుట్టంతా రైలు దుమ్ము. ఒక్కతీ బిలాస్‌పూర్ వెళ్ళిందట, సుపేలా బజారుకి వెళ్ళాలన్నా మొగుడు పక్కనుండాల్సిన మనిషి! ఆసుపత్రిలో వాకబు చేసి, మీనాక్షి ఉండే ఇల్లు పట్టుకుని, ఆ రెండు గదులూ తిరిగి చూసి, ఆ పిల్ల ఇచ్చిన టీ తాగి వచ్చింది. ఏటయిందే అని బలరాం అడిగితే కాళ్ళు కడుక్కుంటూ చెప్పింది. "ఏటవుద్ది. ఆ పిల్ల నీల్లు పట్టుకునీ బిందె ప్లాస్టిక్కుది. అడుగున కన్నం పడిపోనాది, మైనం అంటించింది." పడుకునే ముందు, ఎవరూ అడక్కుండానే, "దాని మంచం కాడ మన రజని ఫోటో ఉంది, దండేటీ నేదు, ఊరికే ఫోటో," అంది.

మర్నాడే సుపేలా బయల్దేరదీసింది అత్తగారిని. బిందె మందం చూడ్డం నీకే తెలుసు అని వంక. స్టీలు సామాన్ల దుకాణంలో నూకమ్మ నాలుగు బిందెలు వేలితో మీటి చూసి ఒకటి పక్కన పెట్టింది. కూతురికి ఇచ్చే సామాను మీద పేర్లు చెక్కించడం ఆనవాయితీ, ఆడపిల్ల పేరు, పక్కన మొగుడి పేరు, కింద తారీఖు. దుకాణం అతను కరెంటు పెన్ను చేతిలోకి తీసుకుని పేర్లు చెప్పమన్నాడు. కోడలు కాగితం మీద రాసిచ్చింది. అతను చదివి తలెత్తాడు. "రజనీకుమారీ, ఠీక్ హై. యే మీనాక్షి కౌన్ హై బహన్‌జీ? దామాద్ కా నామ్ బతాయియే." ఈ మీనాక్షి ఎవరు, అల్లుడి పేరు చెప్పమంటున్నాడు. దుకాణంలో ఇంకో ఇద్దరు ఆడవాళ్ళున్నారు, గ్లాసులు చూస్తూ, చెవులు ఇటు. నూకమ్మ మనసులోనే కోడల్ని తొందరపెట్టింది. ఏదో ఒకటి చెప్పెయ్యి, చెల్లెలని చెప్పు, తప్పు రాశానని చెప్పు. అరుణకుమారి ఆ కాగితాన్నే మళ్ళీ అతని వైపు జరిపింది. "వో భీ హమారీ బేటీ హై," అంది. ఆ పిల్లా మా బిడ్డే. "దోనోఁ నామ్ లిఖో భయ్యా. బడా బడా లిఖో." రెండు పేర్లూ పెద్దగా రాయమంది. పెన్ను గీయడం మొదలెట్టింది, పళ్ళు జివ్వుమనే చప్పుడు, సన్నటి వెండిపొడి రాలుతోంది. నూకమ్మకి అక్షరాలు రావు. కానీ రెండో పేరు పడుతున్నంతసేపూ కోడలు చేతిసంచి పిడి ఎంత గట్టిగా పట్టుకుందో చూసింది. దీనికి ఇంత గుండె ఎక్కడిది? పాకం పట్టడం రాదు, నలుగురిలో గట్టిగా మాట్లాడ్డం రాదు. ఇది నా ఇంటికి వచ్చిన కోడలు. ఆ మాట పైకి అనొచ్చు కదా, అనలేదు. ఆటోలో తిరిగొస్తూ బిందె ఒళ్ళో పెట్టుకుని, ధర ఎక్కువ చెప్పాడే అంది.

అనలేదెందుకంటే అప్పటికే ప్లాంటు ఆసుపత్రి గుమాస్తా ఒకడు ఆవిడ బుర్రలో కూర్చున్నాడు. ప్లాంటు వాళ్ళు ప్రతి కార్మికుడి ఇంటికీ మెడికల్ బుక్కు ఇచ్చేవారు, ఇంట్లో ఎవరెవరికి వైద్యం చెయ్యాలో ఆ పేర్లన్నీ అందులో వరసగా. మొదటి గీత తన పెనిమిటిది, రెండోది తనది, మూడోది బలరాంది, నాలుగోది సూరిది. చదువు రాకపోయినా గీతలు తెలుసు. సూరి అంటే సూర్యప్రకాష్, చిన్నకొడుకు, పద్దెనిమిది దాటి పంతొమ్మిది, అప్రెంటిసుగా చేరి ఏడాది. వాడిని వెళ్ళగొట్టిన వారానికి ఆయన ఆ పుస్తకం పట్టుకుని ఆఫీసుకి వెళ్ళి నాలుగో గీత మీద ఎర్రసిరా కొట్టించుకొచ్చాడు. తర్వాత జ్వరమొచ్చినా, పన్ను నొప్పొచ్చినా, నూకమ్మ ఆ పుస్తకం కిటికీలోంచి ఇస్తే, లోపల ఉన్నవాడు పేజీ తిప్పి అడిగేవాడు, "యే కటా హువా నామ్ కిస్‌కా హై?" కొట్టేసిన ఈ పేరు ఎవరిది అని. నూకమ్మ చెప్పేది, "కిసీ కా నహీఁ, సాబ్." ఎవరిదీ కాదు. ఎన్నిసార్లు చెప్పిందో! చెప్పగా చెప్పగా నాలుక అలవాటు పడిపోయింది. దుకాణంలో కోడలు చెప్పిన మాటకీ, కిటికీ దగ్గర తను చెప్పిన మాటకీ ఎంత తేడా ఉంది. రెండూ పొట్టి మాటలే. చెప్పడానికి పట్టే సమయం ఒకటే.

అరవైతొమ్మిదో సంవత్సరం, శ్రావణం. అప్పుడు కాపురం క్యాంప్ 2లో, రేకుల గది. ఆయన బస్తాలు మోసే దగ్గర్నుంచి ఖలాసీగా పర్మనెంటయి, నూకమ్మ తట్టలు మోయడం మానేసి, నలుగురిలో మనుషులమనిపించుకున్న కాలం. సూరికీ, తోటి అప్రెంటిసు బిసాహూ అనే ఛత్తీస్‌గఢీ కుర్రాడికీ మధ్య ఉన్నదేమిటో ప్లాంటు వర్క్‌షాపులో ఎవరో కనిపెట్టి ఇంటిదాకా మోసుకొచ్చారు. ఆయన బెల్టు తీశాడు. సూరి దెబ్బలకి అడ్డం పెట్టుకోలేదు, చేతులు కట్టుకుని, "నాకు ఆడే కావాలమ్మా, నాను సెడ్డోన్ని కాదమ్మా," అంటూనే ఉన్నాడు, దెబ్బకీ దెబ్బకీ మధ్య, తండ్రితో కాదు, తల్లితో. బయటికి ఈడ్చేశాడు. మూడోనాటి మధ్యాహ్నం వాన. ఆయన నైట్ డ్యూటీ చేసొచ్చి నిద్రపోతున్నాడు. తలుపు దగ్గర గొంతు. "అమ్మా, తలుపు తియ్యే. సొక్కా చిరిగిపోనాది, వొక్క సొక్కా ఇయ్యి, ఎల్లిపోతాను." నూకమ్మ చెయ్యి గడియ మీదే ఉంది. మూడుసార్లు పిలిచాడు. ఆయన లేస్తే చంపేస్తాడని తియ్యలేదు, అందరికీ అలాగే చెప్పింది, దేవుడి ముందు కూడా అలాగే చెప్పింది. కాదు. ఆయన గురక వినపడుతూనే ఉంది. ఎదురు వరస గుమ్మాల్లో ఆడవాళ్ళు నిలబడి చూస్తున్నారని తలుపు సందులోంచి కనపడింది. అందుకు తియ్యలేదు. బురదలో అడుగుల చప్పుడు, తర్వాత వాన చప్పుడొకటే.

ఆ రోజులు అలాంటివి, అందరూ అంతే, నేనొక్కదాన్నేనా, అని చాలాకాలం సర్దిచెప్పుకుంది. అదీ కుదరనివ్వలేదు గున్నమ్మ. ఎదురు వరసలో మూడో గది గున్నమ్మ, తన ఈడుదే, తనలాగే తట్టలు మోసిందే, తనలాగే వేలిముద్రే. ఏళ్ళు పోయాక కుళాయి దగ్గర చెప్పింది, ఆ రోజు వానలో నీ కొడుకు నా గుమ్మం ముందునుంచి వెళ్తుంటే పిలిచి నా మొగుడి చొక్కా తొడిగాను, రెండు రొట్టెలు పెడితే నిలబడే తిన్నాడు, నీకు చెప్పొద్దన్నాడు అని. ఎవరి చూపులకి భయపడి తలుపు తియ్యలేదో ఆ చూపుల్లో ఒకటి చొక్కా ఇచ్చింది! కాలం మీద తోసెయ్యడానికి లేకుండా చేసేసింది గున్నమ్మ. ఆ రోజుల్లోనూ చెయ్యగలిగినవాళ్ళు చేశారు. తను చెయ్యలేదు.

సూరి ఏమయ్యాడో తెలియదు. ఖరగ్‌పూర్ రైల్వే క్యాంటీన్లో ఉన్నాడని ఎవరో అంటే, తండ్రి చనిపోయిన ఏడాది బలరాం వెళ్ళి వెతికాడు, అప్పటికే మానేసి వెళ్ళిపోయాడన్నారు. అంతవరకే. తమ్ముడి మాట వాడు మళ్ళీ ఎత్తలేదు, నలభై రోజుల కింద దాకా. కూతుర్ని వంట గురించి అడిగిన రోజు రాత్రి భోజనాలయ్యాక నూకమ్మే నోరు జారింది. "ఏట్రా అలగ ఒగ్గీసినావు. మీ నాన్న ఉంటేనా," అంది. వాడు ఎంగిలి చెయ్యి కడుక్కోకుండా అలాగే కూర్చుని చెప్పాడు. "ఆ రోజు నాను కుళాయి కాడ బాల్చీ పట్టుకుని నిలబడ్డానమ్మా. సూరిగాడు నా ముందునుంచే ఎల్లినాడు. నా మొగం సూసినాడు. నాను పిలవనేదు. బాల్చీ నిండిపోయి నీల్లు కాలవలో పోతన్నాయి, నాను అలాగే నిలబడ్డాను." కంచం పక్కకి జరిపి, "నాన్న సేసింది నాను సెయ్యనేనమ్మా," అన్నాడు. ఆ వెంటనే, కోపంగా కాదు, మెల్లగా, "నువ్వు సేసిందీ సెయ్యనేను," అన్నాడు.

మర్నాటి నుంచీ నూకమ్మ రజనితో మాట్లాడలేదు. ఇంట్లో వాళ్ళు ముసలమ్మకి ఇష్టం లేదనుకున్నారు, పాతకాలం మనిషి, సిగ్గనుకుంటోంది అనుకున్నారు. అనుకోనీ. అసలు సంగతి ఎలా చెప్పడం? రజనిని చూస్తే ఆవిడకి అసహ్యమూ లేదు, సిగ్గూ లేదు. ఆ పిల్ల గుమ్మంలో నిలబడితే దిష్టి తీయాలనిపిస్తుంది. కానీ ఆ పిల్ల తల నిమిరి, వెళ్ళిరా అమ్మా, సుఖంగా ఉండు, అని ఒక్క మాట అనేసిందనుకో, అంత తేలికైన పనే అయితే, మరి ఆ రోజు ఎందుకు చెయ్యలేదు? వీళ్ళు చేస్తున్నది సబబయితే తను చేసింది ఏమిటి? ఇరవయ్యెనిమిదేళ్ళుగా అది తప్పనిసరి అని బతికింది, ఇంకో దారి లేదని బతికింది. వీళ్ళు మొగుడూ పెళ్ళాం కలిసి, గోలా గొడవా లేకుండా, బిందె కొని పిండి దంచి, ఇదిగో దారి అని చూపిస్తున్నారు. వాళ్ళని చూసి పొంగిపోవాలంటే ముందు తనని తను చూసుకోవాలి. అదే అడ్డం. నోటి దగ్గర కూర్చున్నది అదీ.

"అత్తా," అంది అరుణకుమారి. నూకమ్మ ఉలిక్కిపడింది. "పిండి నువ్వు పొయ్యాల. నాను తిప్పాల. ఒక్కదానికీ అవదు."

"ముండమోసినదాన్ని. సారె మీద నా సెయ్యేటి," అంది నూకమ్మ. పొద్దుటి నుంచీ ఆ మాట దాచుకునే ఉంది, దాని వెనకే నక్కి కూర్చుంది.

కోడలు వెనక్కి తిరగలేదు. "మొగుడు నేని కాపరానికి సారె ఇది. నీ సెయ్యికి వొంకేటి? రా బేగి. నాకు పాకం తెల్దు, నీకు తెలుసు గదా."

నవ్వాలో తిట్టాలో తెలియలేదు. లేచింది. ద్వారబంధం పట్టుకుని గడప దాటింది. చిన్న పళ్ళెంలో నీళ్ళున్నాయి, గరిటెతో ఒక చుక్క వేసింది, వేలితో దగ్గరికి తీసింది. మెత్తగా ఉండ కట్టింది. ఇదే, ఆ క్షణం ఇదే. "దింపీ! దింపీసీ!" అని అరిచింది. కోడలు గిన్నె కిందికి దించింది. నూకమ్మ గుప్పెళ్ళతో పిండి పోస్తోంది, కోడలు తిప్పుతోంది, నెయ్యి, యాలకుల పొడి, వేయించిన కొబ్బరిముక్కలు, గసగసాలు. ఆవిరి ఇద్దరి ముఖాలకీ కొడుతోంది. అంత దగ్గరగా కోడలి ముఖం చూసి ఎన్నాళ్ళయిందో, చెవుల పక్కన వెంట్రుకలు ఇంతగా నెరిశాయని ఆవిడకి తెలియనే తెలియదు. "అత్తా, పొద్దున్న రజని ఏడిసింది," అంది అరుణకుమారి, గరిటె ఆపకుండా. "మామ్మ నాతో మాటాడకుండానే ఎల్లిపోతానేటమ్మా అంది. నాను ఏటీ సెప్పనేదు. నీ తరపున నానేటి సెప్పనూ." నూకమ్మ పిండి పోస్తూనే ఉంది. పిండి అయిపోయినా వేళ్ళతో పళ్ళెం అంచులు తుడుస్తూనే ఉంది.

బయట ఆటో హారన్. బలరాం గొంతు. "అయిందేటి? బండి టైమయిపోతంది!" వాడు పరుపుచుట్ట ఒక భుజాన, పెట్టె ఇంకో చేత, బిందె ఎలా పట్టుకోవాలో తెలియక తిరిగి తిరిగి చూస్తున్నాడు. అరుణకుమారి ముందుగదిలో చాప వేసి రజనిని కూర్చోబెట్టి ఒడిలో చలిమిడి ఉండ, పసుపు కుంకుమలు పెట్టింది. తర్వాత మీనాక్షిని కూడా పిలిచింది. ఆ పిల్ల గోడ దగ్గరే నిలబడి, నాకెందుకండీ అంది. "నీకు పెట్టడానికి నీ తల్లి నేదు గదా. కూకో," అంది అరుణకుమారి. కూర్చుంది. ఒళ్ళో చలిమిడి పడగానే, పొద్దుటి నుంచీ మర్యాదగా ఉన్న ఆ పిల్ల, చాప సర్దిన ఆ పిల్ల, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని భుజాలు ఎగిరిపడేలా ఏడ్చింది. బలరాం బిందె కింద పెట్టి కిటికీ వైపు తిరిగి నిలబడ్డాడు. నూకమ్మ వంటింటి గుమ్మంలో, చేతులకి పిండితో, ఈ ముగ్గుర్నీ చూసింది, నలుగుర్నీ చూసింది. ఎంత మంచి మనుషులు వీళ్ళు! నా ఇంట్లోనే ఉన్నారు, నా చేతి కూడే తిన్నారు, నా నుంచి ఏం నేర్చుకోకుండా ఇంత మంచివాళ్ళయ్యారు.

రజని లేచి వచ్చింది. వంగి కాళ్ళకి దణ్ణం పెట్టి, తలెత్తకుండానే, "మామ్మా, ఎళ్ళొస్తాను," అంది. జవాబు రాదనుకుందేమో, లేచి వెనక్కి తిరిగింది. రెండడుగులు వేసింది.

"ఎక్కడికే ఎల్లిపోతావు?" అంది నూకమ్మ.

గొంతు బొంగురుగా, అవసరానికి మించి గట్టిగా వచ్చింది. ఇంట్లో అందరూ బిగుసుకుపోయారు. రజని ముఖం పాలిపోయింది.

"కొత్తకాపరానికి ఎల్లే పిల్లని ఒంటిగా అంపుతారేటి ఎవులైనా? ఇంట్లో ముసిల్ది తోడెల్లాల, మూడు నిద్రలు సెయ్యాల. మీ అమ్మకి పాకం తెల్దు, పద్ధతీ తెల్దు. ఒసే అరుణా, నా రెండు కోకలు సంచీలో ఎట్టు. ఆ తెల్లరగ్గు కూడా. బిలాస్‌పూర్లో సలెక్కువ."

ముందు తేరుకున్నది మీనాక్షి. కళ్ళు తుడుచుకుని దండెం మీద ఉన్న నేతచీరలు తీసి, "ఇవేనా మామ్మగారూ?" అంది. ఇవే, అంది నూకమ్మ, ఆ పిల్ల ముఖంలోకి మొదటిసారి సూటిగా చూసి. రజని ఒక్క ఉదుటున వచ్చి మెడ పట్టుకుంది. పిండి చేతులే, జాకెట్టుకి అంటుకుంటుందే అంటోంది నూకమ్మ, అంటూనే ఆ పిండి చేతులతో దాని వీపు నిమిరింది. "ఆ రోజు నీ బాబాయికి నాను తలుపు తియ్యనేదు," అంది దాని చెవి దగ్గర, తగ్గు గొంతుతో. "తప్పు సేసినానమ్మా. పెద్ద తప్పు." అరుణకుమారి విన్నది. బలరాం విన్నాడు. వాడు వచ్చి ఏమీ అనకుండా తల్లి సంచి అందుకున్నాడు.

ఆటోలో సామానే సగం నిండిపోయింది. బలరాం డ్రైవరు పక్కన ఒదిగాడు. పిల్లలిద్దరి మధ్యా నూకమ్మని కూర్చోబెట్టారు, స్టేషన్ దాకా వచ్చి రైలెక్కిస్తానన్న అరుణకుమారి చోటు లేక గేటు దగ్గరే ఆగిపోయింది, నవ్వుతోందో ఏడుస్తోందో తెలియకుండా. పక్క క్వార్టరు గౌరీదేవి గోడ మీంచి తల పెట్టింది. ఆ తల పెడితే సాయంత్రానికి సెక్టర్ 4 అంతా తెలిసిపోతుంది. ఆటోలో వాళ్ళ ఒళ్ళో బిందె, చలిమిడి డబ్బా, కుంకుమ బొట్లు అన్నీ ఒకసారి చూసింది. "ఏటి పెద్దమ్మా, సారెలాగుంది! రజనికి పెళ్ళయిపోయిందేటి మాకు సెప్పకుండా? అల్లుడేడీ?"

బలరాం మెడ తిప్పి తల్లివైపు చూశాడు. ఏదో ఒకటి చెప్పెయ్యొచ్చు, ఉద్యోగమొచ్చిందని చెప్పొచ్చు, అదీ నిజమే.

"అల్లుడు నేడు," అంది నూకమ్మ. "ఇదిగో, ఈ మీనాక్షి ఉంది. దీనికి అదీ, దానికి ఇదీ. మా పిల్ల కాపరానికి ఎల్తంది, నాను తోడెల్తన్నాను. తెలిసిందా? తెలవకపోతే నానొచ్చినాక కూకోబెట్టి సెప్తాను. మా కోడలు సలిమిడి ఎడతాది, తిను, పాకం నాదే." బండి అందదని డ్రైవరు వీపు తట్టింది. "చలో భయ్యా, గాడీ ఛూట్ జాయేగీ."

గౌరీదేవి నోరు తెరిచింది తెరిచినట్టే ఉంది. ఆటో వీధి మలుపు తిరిగేసరికి అరుణకుమారి గిన్నెలో మిగిలిన చలిమిడి ముక్క తెచ్చి, గోడ మీంచి ఆవిడ చేతిలో పెడుతోంది.